సీసాయు బిరడాయు

వేసవిలో ఆవకాయ పెట్టిన గృహిణి జాడీని అటకపై జేర్చుటకు ముందు రెండుపనులు చేయును. ముక్కలు మునుగునట్లు పైని నూనె నిలువనిచ్చును. మూతపెట్టి, దానిపై నుతికిన గుడ్డతో వాసెన కట్టును. ఎందుల కీ శ్రమయని యడిగినచో "గాలి తగిలిన బూజు పట్టదా?" యని యామె యుత్తర మిచ్చును. రసాయనశాస్త్రమును చదువని యామె పలికిన యీ యొక్కమాటలోనే మేము చెప్పబోవు చరిత్ర యంతయు నిమిడియున్నది. పండించిన పంటను, పిండిన రసమును, కాచిన మందును నిలువజేసికొనుటకై మనుష్యుడు గాలితో చేసిన పోరాటమే సీసాయొక్కయు బిరడాయొక్కయు చరిత్ర.

ఈ పోరాటము ప్రధానముగ ద్రాక్షామద్యము కొరకు జరిగినది. మద్యపానమును మేము కొనియాడువారము కాము. మా చదువరులలో బెక్కుమంది యిండ్ల గడపను ఆ పదార్థము దాటదనియు నెరుగుదుము. కాని పానీయము వేరు, పాత్ర వేరు. మన యింటి మందుసీసా ఆ పాత్రకు దగ్గరి చుట్టమే. అదియునుగాక ఈ చరిత్రలో విచారింపదగిన ప్రశ్న యొకటి కలదు. ఇంత యుపయోగకరమైన వస్తువును కల్పించినవా రెవరు? ఐరోపాలో చిరకాలము చెప్పుకొన్న కథ యిది: ఫ్రాన్సుదేశమందలి షాంపేన్ సీమలో డోమ్ పెరిన్యోన్ అను క్రైస్తవసన్న్యాసి యుండెను, అతడే తొలుత బెరడుబిరడాను బిగించి, పొంగు మద్యమును సీసాలో బంధించెను. ఒక మహానుభావుడు, ఒక దినము, ఒక యద్భుతము. ఇట్టి కథలు మనకును క్రొత్తవి కావు. ఇది యెంతవరకు నిజమో చూతము.

ప్రాచీన గ్రీకులును రోమకులును మద్యమును రెండు చెవులుగల పొడవైన మట్టికూజాలలో నిలువచేయుచుండిరి. వీనికి ఆంఫొరాలని పేరు. వీని యడుగు కోసుగా నుండును. ఓడలో వరుసగా ఇమిడ్చి నిలుపుటకు అది యనుకూలము. మూతికి బెరడుముక్కనో, మట్టిబిళ్లనో యుంచి, కీలువంటి బంకతో సందులు పూడ్చెడివారు. ఇట్టి కూజాల పెంకులు పుదుచ్చేరి దాపున అరికమేడులో 1945లో మార్టిమర్ వీలరు జరిపించిన త్రవ్వకములయందు దొరకినవి. అనగా ఆ మద్యము మన తూర్పుతీరము దనుకను ప్రయాణము చేసినదన్నమాట.

గాజును గొట్టముచివర నుంచి ఊది పాత్రగా జేయు విద్య క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్దియందు సిరియా, పాలస్తీనా తీరములలో బుట్టినది. రోమకులు దాని నంతటను వ్యాపింపజేసిరి. జర్మనీలోని స్పైయర్ నగర సమీపమున 1867లో ఒక రోమక సమాధిని త్రవ్వగా ఒకటిన్నర లీటరు పట్టు గాజుసీసా దొరకినది. అది క్రీస్తుశకము నాలుగవ శతాబ్దినాటిది. మూతికి మైనముతో ముద్ర వేసియుండెను. లోపలి ద్రవము నేటికిని ఇంకిపోలేదు. ఆ నగరపు వస్తుప్రదర్శనశాలలో దాని నిప్పటికిని చూడవచ్చును. ఇన్ని యేండ్లు అది నిలుచుటకు గల కారణములలో ముఖ్యమైనది, మద్యముపైని ఆలివునూనెను దళముగ పోసియుంచుట. గాలిని నూనె యడ్డగించినది. మన ఆవకాయజాడీకి పదునారువందల యేండ్లు పెద్దయైన అక్క ఆ సమాధిలో పండుకొనియుండెనని మా గృహిణులు తెలిసికొందురుగాక!

అట్లయిన రోమకులనాడే సీసాయు బిరడాయు సిద్ధించినవి గదా యనవచ్చును. సిద్ధింపలేదు. ఆనాటి గాజు పలుచన. దూరప్రయాణపు కుదుపులకు తాళదు. రోమకరాజ్యము పడిపోయినపిదప ఉత్తరదేశములకు ఆంఫొరాయు బెరడును వచ్చుట సన్నగిల్లినది. వాని స్థానమును కొయ్యపీపా యాక్రమించినది. పీపా బలమైనదే, దొర్లించుకొనిపోవచ్చును. కాని దానినుండి కొంత మద్యమును తీసిన తోడనే ఆ ఖాళీలో గాలి చేరును, మిగిలినది పులిసిపోవును. అందుచేత మధ్యయుగములయందు క్రొత్తమద్యమునకే వెల యెక్కువ. ఏడాది గడచినది చౌక. పాతదానికి గౌరవము కలుగుట తరువాతి మాట. ఆ గౌరవము ద్రాక్షపండు తెచ్చినది కాదు, పాత్ర తెచ్చినది.

ఈ మార్పునకు మొదలు ద్రాక్ష పండని దేశమున, మద్యముతో నించుకయు సంబంధములేని కారణమువలన గలిగినది. ఇంగ్లండు రాజగు మొదటి జేమ్సు 1615లో ఒక ప్రకటన చేసెను. గాజుకొలుములలో కట్టెను కాల్చరాదని దాని సారాంశము. నౌకాదళమునకు కలప కావలసియుండెను, అడవులు తరిగిపోవుచుండెను. గాజుపనివారు విధిలేక నేలబొగ్గునకు మరలిరి. ఆ పరిశ్రమపై గుత్తాధికారము పొందిన సర్ రాబర్టు మాన్సెల్ స్వయముగ నౌకాసేనాని. బొగ్గుమంట కట్టెమంటకంటె తీక్ష్ణము. ఆ వేడిలో కరగిన గాజుతో దళసరి సీసాలు తయారయ్యెను. పొగవలనను ఇసుకలోని యినుమువలనను అవి నల్లగను ముదురాకుపచ్చగను నుండెను. చూచుటకు మోటు, కాని బలము. ఆ నలుపుసైతము మేలే చేసినది. వెలుతురువలన గలుగు చెరుపును అది కొంత యడ్డగించును. ఓడలకొరకు అడవిని కాపాడబోగా సీసాకు బలము వచ్చినది.

ఈ బలమైన సీసాను తీర్చిన కీర్తి సర్ కెనెల్మ్ డిగ్బీ అను వానికి చెందినది. ఇతని తండ్రి రాజద్రోహనేరమునకు 1606లో మరణదండన పొందెను. కుమారుడు రాజసభలోను, సముద్రముపైని, ప్రకృతిశాస్త్రమునందును పేరుగాంచెను. 1630 ప్రాంతమున ఇతడు గాజుకొలిమి నడపి, గాలిపోతతో మంటను హెచ్చించి, పొడుగుమెడ సీసాలు చేయించెను. పిమ్మట అంతర్యుద్ధకాలమున చెరసాల పాలయ్యెను. 1661లో జాన్ కాల్నెట్ అను నతడు ఆ సీసాలు తన కల్పనయని హక్కుపత్రము సంపాదింపగా ఇతరులు ఆక్షేపించిరి. 1662లో విచారణ జరిగి, సుమారు ముప్పదియేండ్లకు పూర్వమే డిగ్బీ వానిని చేయించెనని నిర్ణయమైనది.

ఆ సంవత్సరముననే డిసెంబరునెలలో క్రిస్టఫర్ మెరెట్ అను వైద్యుడు లండనులోని రాయల్ సొసైటీలో నొక వ్యాసమును చదివెను. మద్యమునకు చక్కెరయు బెల్లపుపాకమును చేర్చి పొంగునట్లు చేయుట ఆ నగరపు పీపాపనివారికి పరిపాటియని యందు వ్రాసెను. గాజుపనినిగూర్చి ఇటలీభాషలో నేరీ రచించిన గ్రంథమును ఇంగ్లీషులోనికి దెచ్చినవాడును ఈ మెరెట్టే. ఆ యనువాదము వెలువడినదియు 1662లోనే. ఇక పెరిన్యోన్ షాంపేన్‌లోని ఓవిలేర్ మఠమునకు వచ్చినది 1668లో. మఠపు మద్యశాలను శ్రద్ధతో నడపి, వేరువేరు తోటల పండ్లను మేళవించుటలో నతడు ఘనుడనుట నిజము. కాని పొంగును కల్పించుట యటుండగా, పొంగు రాకుండ జేయుటకే యతడు పాటుపడెను. అతనికి ఆ మహిమ నంటగట్టినది, అతడు గతించిన నూరేండ్లకు పిమ్మట 1821లో, ఆ మఠమునకే చెందిన మరియొక సన్న్యాసి. మఠమునకు కీర్తి కావలెను. తరువాత వర్తకులకు కథ కావలెను. ఉభయుల యవసరమును ఒక మృతుడు తీర్చెను.

ఇక బిరడాసంగతి. మన భాషలో బెరడు, బిరడా యను మాటలు చెవికి దగ్గరగ నున్నవి. ఈ పోలికనుబట్టి మాటల పుట్టుకనుగూర్చి సిద్ధాంతము చేయబోము. వస్తువుల విషయమున మాత్రము బెరడే బిరడా. పోర్చుగల్, స్పెయిను, ఉత్తర ఆఫ్రికా ప్రాంతములలో పెరుగు ఒక ఓకుజాతి చెట్టునకు దళమైన మెత్తని బెరడు గలదు. దానిని ఒలిచినను చెట్టు చావదు. తిరిగి బెరడు తొడుగుకొనును. రాబర్టు హుక్ అను శాస్త్రజ్ఞుడు దాని పలుచని పొరను సూక్ష్మదర్శినిక్రింద నుంచి చూచి, తేనెపట్టువంటి సన్నని యరలను గనుగొని, 1665లో ప్రకటించిన 'మైక్రోగ్రఫియా'లో వర్ణించెను. ఒక ఘనాంగుళములో నూటయిరువదికోట్లకు పైగా అరలున్నవని లెక్కగట్టెను. నేడు జీవశాస్త్రమంతటికిని మూలమైన 'కణము' అను భావమునకు ఆంగ్లభాషలో పేరు దొరకినది ఆ బెరడుముక్కలోనే. ప్రతి యరలోను గాలి బంధింపబడి యుండుటచేత బిరడాను నొక్కిన నణగును. వదలిన విప్పారి సీసామెడను పట్టుకొనును. గాలిని లోనికి రానీయక కాచుచున్నది గాలియే యనుట వింతగదా!

ఈ బెరడును తీయుట సామాన్యమగు పని కాదు. చెట్టునకు సుమారు 25 ఏండ్లు వచ్చినగాని తొలియొలుపు చేయరు. పోర్చుగల్ శాసనము ప్రకారము ఒకసారి యొలిచిన పిమ్మట తొమ్మిదియేండ్లు గడువవలెను. అందుకై ఒలిచిన సంవత్సరపు కడపటి యంకెను చెట్టుమీద రంగుతో వ్రాయుదురు. మొదటి రెండు ఒలుపుల బెరడు గరుకుగా నుండి బిరడాలకు పనికిరాదు. మూడవదే తగినది. లెక్కింపగా, నాటిన నలువదేండ్లు దాటినగాని చెట్టు ఒక్క మంచి బిరడానైన నీయదు. గొడ్డలిపెట్టు లోతైనచో లోపలి చర్మము గాయపడి చెట్టు చెడును. మే నెలనుండి ఆగస్టువరకు ఎండలలో ఈ పని చేయువారు చేతిచప్పుడును చెవితో కొలుచుచు పనిచేయుదురు. ఆగ్వాస్ ద మోర అను గ్రామమున 1783లో నాటిన యొక చెట్టు 1991లో ఒక్క ఒలుపునకే 1200 కిలోల బెరడు నిచ్చినది. దానితో లక్ష బిరడాలకుపైగా తయారైనవి. దానిని నాటినవాని పేరు చరిత్ర వ్రాసికొనలేదు. తాను అనుభవింపని ఫలముకొరకు నాటిన యాతనికిని ఈ కథలో భాగము లేదా?

గట్టిసీసా యొకటి, బిగుతుబిరడా యొకటి చేకూరినను పని ముగియలేదు. మెడలోనికి పూర్తిగ దిగగొట్టిన బిరడాను తీయుట యెట్లు? తుపాకిగొట్టమున చిక్కిన మందుగుడ్డను లాగుటకు సిపాయిలు వాడు మరచుట్టు ఇనుపకమ్మి యీ కష్టమును గట్టెక్కించినది. బిరడాలను లాగు ఇట్టి యుక్కుకమ్మినిగూర్చి 1681లో నెహమయ గ్రూ వ్రాసెను. దానిపై మొదటి హక్కుపత్రమును 1795లో శామ్యూల్ హెన్షల్ అను మతాచార్యుడు పొందెను. పిమ్మట సీసా రూపమే మారినది. తొలుత అది ఉల్లిగడ్డవలె పొట్టిగ బొర్రగ నుండి, బల్లమీద కూర్చుండుటకే తగియుండెను. నిలువబెట్టిన సీసాలో బిరడా ఎండి ముడుచుకొనును; గాలి దూరును. పండుకొనబెట్టినచో ద్రవము తగిలి బిరడా తడిగనే యుండును. ఈ రహస్యము తెలిసినకొలది సీసా పక్కలు తిన్ననై, 18వ శతాబ్ది మధ్యమునాటికి నేటి స్తంభాకారము వచ్చినది. 1703లో జరిగిన మెథ్యూయెన్ సంధివలన పోర్చుగల్ మద్యమునకు ఇంగ్లండులో సుంకము తగ్గి, ఏండ్లతరబడి సీసాలో నుంచి వాడుకొను నలవాటు ప్రబలినది.

వస్తువు సిద్ధమైనను నమ్మకము సిద్ధము కావలెను. నోటితో నూదిన సీసాలు ఒకదానితో నొకటి సరిపోవు. కొలత తెలియని సీసాను నిండుగ గొన్నవాడు మోసపోవచ్చును. కావున స్థితిపరులు తమ సీసాలను తామే చేయించి, గాజుపై తమ చిహ్నమును ముద్రింపించి, వర్తకుని పీపానుండి కొలిపించి నింపించుకొనెడివారు. దినచర్యారచయితయగు శామ్యూల్ పీప్స్ తన ముద్రగల క్రొత్తసీసాలు ఐదారు డజనులు నింపబడుచుండగా 1663 అక్టోబరులో చూచి సంతసించెను. ఫ్రాన్సులో 1728లో పదునేనవ లూయీరాజు షాంపేన్‌మద్యమును సీసాలలో 50, 100 చొప్పున బుట్టలకెత్తి తరలించుటకు అనుజ్ఞ నిచ్చెను. 1735లో సీసా బరువు 25 ఔన్సులనియు, దానిలో ప్యారిస్ పింటు పట్టవలెననియు, బిరడాను మూడుపేటల దారముతో కట్టవలెననియు నిర్ణయించెను. ఇంగ్లండులో 1861 నాటి శాసనమువలన పచారీ దుకాణదారులును ఒక్కొక్క సీసాగా మద్యమును ఇంటికమ్ముటకు వీలుకలిగినది. మద్యపానవిరోధులు దాని నాక్షేపించిరి. వారి యాక్షేపణ నిష్కారణము కాదు. పూటకూటింట నుండిన పానీయమును పచారీసామానుతోబాటు వంటింటికి చేర్చినది ఈ పాత్రయే. ఉపకారము చేసిన కల్పన అపకారమును చేయదనుకొనుట పొరపాటు.

ఈ పాత్రచరిత్రలో రక్తముకూడ కలదు. పొంగుమద్యపు సీసాలు లోనియొత్తిడికి తాళలేక నేలమాళిగలలో ప్రేలుచుండెను. ఒకటి ప్రేలిన ప్రక్కవియు ప్రేలును. అందులకై పనివారు ముఖమునకు ఇనుపతొడుగులు ధరించి సీసాలమధ్య దిరుగవలసివచ్చెను. చక్కెర యెంత కలిపిన నెంత పొంగు పుట్టునో లెక్కించుపద్ధతిని షాలోన్ పట్టణపు మందులవర్తకుడగు ఫ్రాన్స్వా 1836లో కనుగొనినపిమ్మట ఈ యపాయము తగ్గనారంభించెను. ఆ కాలముననే బార్బ్ నికోల్ క్లికో అను స్త్రీ యీ వర్తకమును పెంచెను. 1805లో, ఇరువదియేడేండ్ల వయస్సున, ఆమె భర్తను గోల్పోయెను. ఆనాటి ఫ్రెంచి న్యాయము భర్తగల స్త్రీకి సొంతవర్తకమును భర్తయనుమతి లేనిదే చేయనీయదు. విధవకు మాత్రము ఆ స్వాతంత్ర్యము గలదు. సీసాలను తలక్రిందుగ నిలిపి, త్రిప్పుచు, మడ్డిని బిరడాకడకు దించి తీసివేయు పద్ధతి 1816 ప్రాంతమున ఆమె మాళిగలోనే యేర్పడినది. భర్త పోయిన దుఃఖమే స్త్రీకి స్వాతంత్ర్యమునకు ద్వారమగుట ఆ న్యాయమునకు గౌరవము కాదని మాత్రము ఇచ్చట చెప్పి విడుతుము.

సీసాను ఊదునది నోరు. వేడిసీసాను పరుగున మోయునది బాలుని చేయి. అమెరికాలో మైకేల్ ఓవెన్స్ అను వాడు పదియేండ్ల ప్రాయమున గాజుకొలిమికి బొగ్గెత్తిపోయు కూలిగ చేరెను. అతడే పెద్దవాడై 1903లో సీసాలను తనంతట తాను చేయు యంత్రమును నిర్మించెను. దానితో కొలతలు సమములైనవి, వెల తగ్గినది, గాజుకర్మాగారములలో బాలుర యవసరము క్షీణించినది. ఊదు విద్యయే వృత్తిగాగల వేలకొలది పనివారి బ్రతుకుతెరువును ఆ యంత్రమే తీసికొన్నది. ఈ రెంటిలో నొకదానిని చెప్పి రెండవదానిని దాచిన చరిత్ర చరిత్ర కాదు.

పొంగుపానీయములను మూయుటకు బెరడు నొక్కదానినే నమ్ముకొనక ఇతరోపాయములును వెదకిరి. హైరమ్ కాడ్ అను ఆంగ్లేయుడు 1872లో సీసామెడలో గాజుగోలీ నుంచి, లోని వాయువే దానిని రబ్బరువలయమునకు అదిమిపట్టునట్లు చేసెను. ఆంగ్లదేశమున అది మరుగుపడినను, మన యూళ్లలో గోలీసోడాయై నేటికిని కిఱ్ఱుమని పలుకుచున్నది. 1892లో అమెరికావాడగు విలియమ్ పెయింటర్ అంచునొక్కుల రేకుమూతను కల్పించెను. బెరడుబిరడాలు కొన్ని మద్యమునకు తడిసిన గోనెవాసన నిచ్చుటకు కారణమైన రసాయనమును 1981లో స్విట్జర్లండుశాస్త్రజ్ఞులు గుర్తించిరి. 2000లో ఆస్ట్రేలియాలోని క్లేర్ లోయయందలి ఉత్పత్తిదారులు కొందరు కూడి మరమూతలకు మారిరి. అయినను బెరడు పోలేదు. చెట్టును నరకక ఒలిచి వాడుకొను పరిశ్రమయగుటచేత, బిరడాకు గిరాకి యున్నంతకాలము ఆ యడవులను కాపాడుటకు వానిని గలవారికి కారణ ముండును. అడవిని కాచుకొనబోగా సీసా పుట్టినది. నేడు సీసామూత అడవిని కాచుచున్నది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. సీసాను బిరడాను కల్పించిన దెవరు? ఓడలకు కలప కోరిన రాజా? బొగ్గును మండించిన డిగ్బీయా? ఇనుపకమ్మిని తిప్పిన సిపాయియా? పేరులేని చెట్టు నాటినవాడా? ముఖమున ఇనుము తొడిగికొన్న మాళిగకూలియా? అందరును. వీరిలో ఏ యొక్కని పని లేకున్నను తక్కినవారి పని కొరగాదు. వీరిలో ఏ యొక్కడును తుదిరూపమును మనసున నూహించినవాడు కాడు. ఇంతమంది శ్రమను ఒక సన్న్యాసి తలపై కిరీటముగ బెట్టుట అతనికిని న్యాయము కాదు, వీరికిని కాదు. మనదేశమునను ఏ మంచి మార్పునైనను ఒక్క మహాపురుషునికి కట్టబెట్టి, తక్కినవారిని మరచి, తరువాతివాడు వచ్చువరకు చేతులు ముడుచుకొని కూర్చుండు నలవాటు మనకు గలదు. ఆ యలవాటునకు మందు ఇట్టి చిన్నవస్తువుల చరిత్రలలో దొరకును.

ఇంట ఖాళీయైన మందుసీసాను పారవేయుటకు ముందు చదువరులు దాని నొకసారి వెలుతురున కెత్తి చూతురుగాక. అందులో నేమియు నుండదు, గాలి మాత్రముండును. ఆ గాలిని బయట నిలుపుటకే ఇంతమంది యిన్ని వందలయేండ్లు పాటుపడిరి. ఆవకాయజాడీకి వాసెన కట్టు మన యమ్మమ్మయు వారిలోని దే. ఆమె పేరునుగూడ ఏ గ్రంథమును వ్రాసికొనలేదు.